బూడిద రంగు అక్షరాలు

వర్క్‌షాపు హాస్టలు, మేడమీది గది
వానలు మొదలైన వారం

పిన్నీ,

నేను క్షేమం. భయపడుతూ క్షేమం. ఈ రెండూ ఒకచోట ఇమడవని ఎవరైనా అంటే నమ్మకు, నన్ను చూపించు.

బస్సు ఎక్కించేటప్పుడు నువ్వన్న మాట గుర్తుంది. "ఫోను చేస్తే ఏడుస్తావు, ఉత్తరం రాస్తే ఆలోచిస్తావు, రాయి" అన్నావు. రాయక తప్పేలా కూడా లేదు. ఇక్కడ ఫోన్లు గేటు దగ్గర అరలో పెట్టి లోపలికి వెళ్లాలి. సాయంత్రం బయటికి వచ్చేదాకా ముట్టుకోకూడదు. మీ వార్డులో కూడా అంతే కదా. మీ ఆసుపత్రికి సామాను చేరవేసే వ్యాను మామ మన ఉత్తరాలు మోస్తానన్నాడు. బరువెక్కువైతే చెప్పు మామా అంటే, మీ పిన్ని చీవాట్లు మోసిన వ్యాను ఇది, దీనికి కాగితాలు ఒక లెక్కా అన్నాడు.

యంత్రాల మరమ్మతుకు వచ్చిన ఈ వర్క్‌షాపు మేడమ్‌ని వార్డులో పట్టుకుని, మా అక్క కూతురు ఈ చదువే చదువుతోంది, పని నేర్పండి అని నువ్వు అడగబట్టే ఇక్కడ ఉన్నాను. అందుకే నా భయాలన్నీ నీ ఖాతాలోనే వేస్తాను.

పొడుగాటి హాలు. రేకుల కప్పు. వాన పడితే పక్కవాళ్ల మాట వినపడదు. బల్లల మీద తీగలు, చిప్పులు, టంకం వాసన. చివర మేం తయారుచేసే వార్మర్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. నెలలు నిండని పిల్లల్ని పడుకోబెట్టి పైనుంచి వేడినిచ్చే బల్లలు, నీకు నేను చెప్పాలా. వాటిలో ప్లాస్టిక్ బొమ్మలు పడుకుని ఉంటాయి.

నాకిచ్చిన పని విను. ప్రోగ్రాము రాసే తెరను ఎడిటర్ అంటారు. ఒట్టిగా చూస్తే అది తెల్లకాగితం. మనం రాసేది దానికి అర్థం కావాలంటే ఎక్స్‌టెన్షన్ అనే తోడును జత చెయ్యాలి. ఆ తోడుకు మళ్లీ ఒక సెట్టింగ్స్ ఫైలు రాసి అన్నీ చెప్పాలి. ఏ చిప్పు, ఏ ఫోల్డర్లలో వెతకాలి, ఏ బోర్డు, అంటే చిప్పు బిగించిన పలక. చెప్పలేదా, కనిపించిన ప్రతి మాట కిందా ఎర్రగీత గీస్తుంది. రాసినదాంట్లో తప్పుండదు, దానికి తెలియదు, అంతే. వంట రాని అత్తగారు ప్రతి కూరకూ వంక పెట్టినట్టు.

ఇక్కడ ఎవరి ఫైలు వాళ్లు రాసుకున్నారు. ఒకరి తెర మీద ఎర్రగా ఉన్నది ఇంకొకరి తెర మీద మామూలుగా ఉంటుంది. అందరికీ పనికొచ్చే ఒకే ఫైలు తయారు చెయ్యమని మేడమ్ నాతో అంది. ఆవిడ మాటలు చాలా తక్కువ. మొదటి రోజు అన్నది మాత్రం చెవిలో అలాగే ఉండిపోయింది. "ఇక్కడ తప్పు రాస్తే తెర మీద కనపడదమ్మా. ఒంటి మీద కనపడుతుంది."

అప్పటినుంచి నా వేళ్లు మీటల మీద మెల్లగా నడుస్తున్నాయి.

ఇంకొకటి. ఈమధ్య మంచి మాట దొరికితే జేబులో వేసుకుంటున్నాను. వేడికి నీ దగ్గర ఎన్ని మాటలున్నాయో రాస్తావా?

నీ ఉడుత


పిల్లల వార్డు, నర్సుల గది
వాన వెలిసిన పూట

ఒసేయ్ ఉడుతా,

నీ భయాలు నా ఖాతాలో వేస్తే వేశావు గానీ, అన్నం మాత్రం నీ ఖాతాలోనే తిను. మామ చెప్పాడు, మెడ ఎముకలు కనపడుతున్నాయని.

మీ మూడు బల్లలూ వచ్చాయి. వాడి చూసి చెప్పమన్నారు. నిగనిగలాడుతూ పెళ్లికూతుళ్లలా ఉన్నాయి, అలాగే మాటిమాటికీ ఏడుస్తున్నాయి. బిడ్డ పొట్టకు అతికించే సెన్సరు ఉంది చూడు, దాని పట్టీ కాస్త వదులైతే చాలు, కేర్‌మని అలారం. మా చిన్న నర్సు ఉలిక్కిపడి పాలగిన్నె వొలకబోసింది. మీ మేడమ్‌తో చెప్పు, ఈ బల్లల నోరు కాస్త తగ్గించమని.

ఒక బల్ల మీద మా 'గింజ' ఉంది. ఆ పేరు మేం పెట్టుకున్నదే. వేరుశనగ గింజలా ముడుచుకుని పుట్టింది, తొందరపడి. వాళ్లమ్మ బస్సు కండక్టరు. డ్యూటీ దిగి యూనిఫారంతోనే పరిగెత్తుకొస్తుంది, భుజాన సంచి కూడా తియ్యదు. అద్దం అవతల నిలబడి లోపలికి చూస్తూ, "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అని గొణుక్కుంటుంది. ఎవరితో అంటున్నావమ్మా అంటే, రోజులతో అంది. నాకు నవ్వు రాలేదు.

వేడికి మాటలు అడిగావు. నులివెచ్చన, గోరువెచ్చన, వెచ్చన, కాక, వేడి, సెగ, మంట. ఈ ఏడూ నాకు నోటితో రావు, చేతి వెనకతో వస్తాయి. అరచెయ్యి మోసం చేస్తుంది, వంటింట్లో మొద్దుబారి ఉంటుంది కదా. చేతి వెనక చర్మం అబద్ధం చెప్పదు. యంత్రం ఎంతైనా చెప్పనీ, మేం గంటకోసారి చెయ్యి తిప్పి పెట్టి చూస్తాం. నీ యంత్రానికి అంకె తెలుసు. మాకు గోరువెచ్చన తెలుసు. ఇద్దరం కలిసి కాపురం చెయ్యాలి.

జాగ్రత్త. భయపడితే పడు గానీ, భయపడుతున్నట్టు కనపడకు. మీద ఎక్కి కూర్చుంటారు.

పిన్ని


వర్క్‌షాపు హాస్టలు
చలిగాలి మొదలైంది

పిన్నీ,

నా ఫైలు అయిపోయింది.

చాలా రోజులు కుస్తీ పట్టాను. ఎన్ని ఫోల్డర్లు చూపించినా ఎర్రగీతలు పోలేదు. చివరికి తెలిసింది, బోర్డు పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాను. నా బల్ల మీద ఒక బోర్డు ఉంటుంది, మేం నేర్చుకోవడానికి ఇచ్చింది. దాని పేరు అక్కడ పెట్టాను. అంతే, ఎర్రగీతలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి. వాన వెలిసినట్టు ఉంది తెరంతా. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పక్క కుర్చీలో నాలాగే నేర్చుకోవడానికి వచ్చిన అబ్బాయి ఉంటాడు, 'పక్క కుర్చీ' అనే పిలుస్తాను. ఏంటి, పాము కనపడిందా అన్నాడు.

మేడమ్ నా ఫైలును అందరి కంప్యూటర్లలోనూ పెట్టించింది, తన దాంట్లో కూడా. తర్వాత నా వైపు చూసి "ఊఁ" అంది. ఇక్కడ దాన్ని పొగడ్త అంటారు.

ఆ తర్వాత ఇంకో పని ఇచ్చింది. మా ప్రోగ్రాములో చాలా బోర్డుల కోసం రాసిన ముక్కలు కలిసి ఉంటాయి. ఫలానా బోర్డు అయితే ఇది, కాకపోతే అది అని కంచెలు కట్టి ఉంటాయి. మనం పనిచేసే బోర్డుకు సంబంధించని ముక్కను ఎడిటర్ బూడిద రంగులో చూపిస్తుంది. చచ్చిన అక్షరాలు, అవసరం లేదు అని. పాత బోర్డులు వాడటం మానేశారు కాబట్టి ఆ బూడిదంతా ఊడ్చెయ్యమంది. ఊడ్చాను. మేడమ్ తన తెర మీద ఒక్కొక్కటీ చూసి, అవును ఇదీ బూడిదే, అవును ఇదీ, అని ఒప్పుకుంది. ప్రోగ్రాము సగానికి సగం తేలికైంది. పరీక్షలన్నీ నా బల్ల మీది బోర్డు మీదే నడిపాం. అన్నీ పచ్చగా, అంటే సరిగ్గా, వచ్చాయి.

అలారం నోరు తగ్గించమన్నావు కదా. ఆ పని ఇంకో ఇంజినీరుకు ఇచ్చారు. అదీ, నేను ఊడ్చిందీ కలిపి కొత్త ప్రోగ్రాముగా మీ బల్లల్లోకి ఎక్కిస్తారట ఈ వారంలో. పిన్నీ, నేను ముట్టుకున్నది నువ్వు ముట్టుకుంటావు! ఈ మాట రాసి రెండుసార్లు చదువుకున్నాను. సంతోషమే అనుకుంటాను.

ఉడుత


పిల్లల వార్డు
మంచు పట్టిన ఉదయం

ఉడుతా,

ఏం మంత్రం వేశారే మీ వాళ్లు! బల్లలు మూడూ నోరు మూసుకున్నాయి. వార్డు వార్డులా లేదు, పరీక్ష హాలులా ఉంది. చిన్న నర్సు ఈ వారం ఒక్క గిన్నె కూడా వొలకబొయ్యలేదు. మీ మేడమ్‌కు నా తరఫున దణ్ణం పెట్టు. నీ బుగ్గ నువ్వే గిల్లుకో.

మొన్న గింజకు సెన్సరు పట్టీ ఊడిపోయింది. పాత రోజుల్లో అయితే ఊరంతా లేచేది. ఇప్పుడు కిక్కురుమనలేదు. అంకె కాస్త తగ్గినట్టు కనపడి, మళ్లీ దానంతట అదే మామూలుకు వచ్చింది. నేను పాలు పట్టడానికి వెళ్లినప్పుడు కదా పట్టీ ఊడిందని తెలిసింది. గింజ నుదురు చేతికి కాస్త కాకగా తగిలింది గానీ, కిటికీలు మూసి ఉన్నాయి కదా, గదే ఉక్కగా ఉందనుకున్నాను. యంత్రమే నిమ్మళంగా ఉంది, నాకెందుకు కంగారు?

వాళ్లమ్మ టిక్కెట్ల కట్టతో గింజకు విసనకర్ర చేసింది. బుద్ధి లేదూ, అద్దం అవతలనుంచి విసురుతుంది.

నువ్వు అన్నం తింటున్నావా?

పిన్ని


వర్క్‌షాపు గేటు దగ్గర

పిన్నీ,

వ్యాను బయల్దేరుతోంది. మామను ఆపి రాస్తున్నాను. గింజను మా కొత్త బల్ల మీదనుంచి తీసెయ్యి. పాతది ఏదైనా ఉంటే దాని మీద పడుకోబెట్టు. ఈ కాగితం చూసిన వెంటనే చెయ్యి. చెయ్యి పెట్టి చూడు, యంత్రం చెప్పేది నమ్మొద్దు.

ఎందుకని అడగకు. ఎవరితోనూ అనకు. నీకు దణ్ణం పెడతాను.

ఉ.


పిల్లల వార్డు
అదే రోజు, మధ్యాహ్నం

ఉడుతా,

ఈ అక్షరాలు నావి కావు. మా చిన్న నర్సు రాస్తోంది, నేను చెబుతున్నాను. నా చేతులు రెండూ ఖాళీ లేవు. ఎందుకు లేవో చదువు.

నీ కాగితం చూడగానే గింజను పాత బల్ల మీదకు మార్చాను. బల్ల చక్రం పాడైందని చెప్పి మార్చాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో వార్డులో నేను చెప్పిన ఒకే ఒక్క అబద్ధం అది. మార్చాక నిలబడి చూశాను. మీ బల్లలు మూడు కదే? నేను నీకు పేరు రాసింది ఒక్క గింజ సంగతే. పేరు రాయలేదని మిగతా ఇద్దరూ నీకు పిల్లలు కాకుండా పోయారా?

పాత బల్ల ఒక్కటే మిగిలి ఉంది. అది గింజకు పోయింది. మిగతా రెండు బల్లల్నీ వేడిని చేత్తోనే పెంచి తగ్గించే పద్ధతిలో పెట్టి, వాటి మధ్య నిలబడ్డాను. కుడి చెయ్యి ఒకరి మీద, ఎడమ చెయ్యి ఇంకొకరి మీద. వేడెక్కితే చిన్న నర్సు తగ్గిస్తుంది, చల్లబడితే పెంచుతుంది. ఇప్పుడు ఆ యంత్రాలకు సెన్సరు నేనే.

డాక్టరు గారితో చెప్పాను, ఈ బల్లలు నమ్మడానికి లేదండీ అని. ఎవరన్నారని అడిగారు. మా అక్క కూతురన్నాను. ఆయన చెడ్డవాడు కాదు. "పక్క ఆసుపత్రి నుంచి బల్లలు అడగాలంటే తయారుచేసినవాళ్ల మాట కావాలి సిస్టర్, నేర్చుకునే పిల్ల మాట కాదు" అన్నారు. నువ్వు ఎందుకని అడగొద్దన్నావు. ఆయన అడిగారు.

నాకు భయంగా ఉందే. నేనెప్పుడూ నీకు ఈ మాట రాయలేదు. ఇప్పుడు కూడా నేను రాయలేదులే, చిన్న నర్సు రాసింది. నా మణికట్లు లాగుతున్నాయి. ఎడమ చెయ్యి కింద ఉన్నవాడు నా వేలు పట్టుకున్నాడు. వీడు నన్ను నమ్ముతున్నాడు, నేను ఎవర్ని నమ్మాలి?

మామ కింద వ్యాను ఆపకుండా ఉంచాడు. నాకు కారణం కావాలి. నాకు కాదు, డాక్టరు గారికి గట్టిగా చదివి వినిపించగలిగే కారణం.

పిన్ని

(అక్కా, నేను చిన్న నర్సును. సిస్టర్ చెప్పనిది ఒకటి రాస్తున్నాను. ఆవిడ పొద్దున్నుంచీ మంచినీళ్లు కూడా తాగలేదు.)


వ్యానులో, మామ పక్కన
అదే సాయంత్రం

పిన్నీ,

నా అక్షరాలు గతుకులకు ఎగిరిపడుతున్నాయి, చదువుకో. ఇది నీ చేతికి చేరేటప్పటికి నేను కూడా ఆసుపత్రి వాకిట్లో ఉంటాను, నేను ఊడ్చకముందున్న పాత ప్రోగ్రామును తిరిగి ఎక్కించే ఇంజినీరుతో. లోపలికి రావడానికి ధైర్యం చాలుతుందో లేదో తెలియక ముందుగా రాస్తున్నాను.

పొద్దున్న పని మొదలుపెట్టబోతూ నీ ఉత్తరం చదివాను. పట్టీ ఊడితే యంత్రం కిక్కురుమనలేదన్న చోట ఆగిపోయాను. అలారం నోరు తగ్గించారు గానీ, పూర్తిగా కుట్టెయ్యమని ఎవరూ అనలేదు. ఊడ్చకముందు దాచిన పాత ప్రోగ్రాము తెరిచాను. నా సెట్టింగ్స్ ఫైల్లో బోర్డు పేరు ఉన్న చోట, మీ వార్డు బల్లల్లో ఉండే బోర్డు పేరు పెట్టి చూశాను. ఒక్క మాట మార్చాను, అంతే.

బూడిద రంగంతా నల్లబడింది పిన్నీ. చచ్చిపోయాయనుకున్న అక్షరాలు వరసగా కళ్లు తెరిచాయి.

నా బల్ల మీది బోర్డుకు పొట్టకు అతికించే సెన్సరే లేదు. అందుకని ఆ సెన్సరు గురించి రాసినదంతా నా ఎడిటర్‌కు బూడిదలా కనపడింది. పట్టీ ఊడితే గుర్తుపట్టి, హీటరు ఆపి, అలారం మోగించాలని రాసిన ముక్క కూడా అందులోనే ఉంది. నేను ఊడ్చింది చెత్త కాదు, కాపలా. పట్టీ ఊడి సెన్సరు గాలిలో పడితే ఇప్పుడు యంత్రం బిడ్డ చల్లబడిందనుకుంటుంది. వేడి పెంచుతుంది. ఆ వేడికి సెన్సరే కాగి, అంకె మామూలుకు వస్తుంది. నువ్వు చూసింది అదే. ఎడిటర్ ఉత్త అద్దం లాంటిదని, అసలు ప్రోగ్రామును కట్టేది కంపైలరని, దాని దగ్గర సరైన బోర్డు పేరే ఉందని నాకు తెలుసు. తెలిసీ అద్దాన్నే నమ్మాను. నా కళ్లద్దాలు మేడమ్‌కు కూడా పెట్టాను. అందుకే ఆవిడకు కూడా అది బూడిదలాగే కనపడింది.

పక్క కుర్చీతో చెప్పాను. వాడు ముఖం తెల్లబడి, నోరెత్తకు, వచ్చే ప్రోగ్రాములో మెల్లగా తిరిగి పెట్టేద్దాం, ఎవరికీ తెలియదు అన్నాడు. నాకు ఆ మాట తియ్యగా వినపడింది. అందుకే నీకు సగం కాగితం రాశాను. నాకు తెలిసిన ఒక్క బిడ్డ బయటపడితే చాలనుకున్నాను. నువ్వడిగినదానికి జవాబు అదే. పేరు లేనివాళ్లను నేను లెక్కలోకి తీసుకోలేదు. నా తెర మీద వాళ్లు కూడా బూడిద రంగులోనే ఉన్నారు.

చిన్న నర్సు చేతిరాతతో నీ ఉత్తరం వచ్చింది. నీ మాటలు ఇంకొకరి అక్షరాల్లో చూసేసరికి కుర్చీలోంచి లేచిపోయాను. అలాగే పట్టుకుని మేడమ్ గదికి వెళ్లాను. ఆవిడ తెర మీదే ఆ ఒక్క మాట మార్చి చూపించాను. ఆవిడ చూసింది. పాత ప్రోగ్రాము కింది దాకా జరిపి చూసింది. తిట్టలేదు. ముందు తన బల్ల మీది ల్యాండ్‌లైను ఫోను తీసి మీ డాక్టరు గారికి చేసింది. "తప్పు మాది. మా బల్లలు మూడూ వాడటం ఆపండి. పక్క ఆసుపత్రికి కూడా నేనే చెబుతున్నాను" అంది. ఫోను పెట్టేశాక నాతో అంది.

"పొద్దున్నే తెలిసిందా?"

"తెలిసిందండీ."

"వ్యానులో కాగితం పంపావు."

"అవునండీ."

ఆవిడ బల్ల మీది ఫోను వైపు చూసింది. "ఇది ఇక్కడే ఉంది కదమ్మా, పొద్దున్నుంచీ."

చెంప మీద కొట్టి ఉంటే బాగుండేది. మామ వ్యానును ఇంత వేగంగా నడపడం నేనెప్పుడూ చూడలేదు. నీ చేతులు ఎలా ఉన్నాయి?

ఉడుత


పిల్లల వార్డు
మర్నాడు

ఉడుతా,

ఇది నా చేతిరాతే. వంకరగా ఉంటే మణికట్టుకు కట్టిన గుడ్డను తిట్టు.

నువ్వు వాకిట్లో వ్యాను దగ్గరే నిలబడిపోయావని, లోపలికి రాకుండానే వెళ్లావని మామ చెప్పాడు. నీ ఇంజినీరు మాత్రం వచ్చి, తలెత్తకుండా పని చేసుకుపోయాడు. మీ మేడమ్ ఫోను చేసిన కాసేపటికే పక్క ఆసుపత్రి బల్లలు వచ్చాయి. చేతులు తీసేస్తే ఎడమవైపు వాడు ఏడ్చాడు. నేను కూడా, బాత్రూములోకి వెళ్లి.

ఆ ఇద్దరికీ ఏమీ కాలేదు. గింజకు అయింది. ఆ రోజు నేను మళ్లీ అతికించిన పట్టీని మార్చేటప్పుడు చూశాం, దాని కిందే దాగి ఉంది. పొట్ట మీద, పట్టీ ఊడిన చోటికి కొంచెం పైన, చర్మం కంది పొర లేచింది. చొక్కా గుండీ అంత. డాక్టరు గారు మానిపోతుందన్నారు. అంతకు మించి పోయి ఉంటే అన్న మాట ఆయన పూర్తి చెయ్యలేదు.

దాంట్లో నా వాటా నాకుంది. ఆ రోజు నా చేతికి కాక తెలిసింది. యంత్రం గమ్మునుంది కదా అని నా చేతిని నేనే తోసేశాను. ఈ సంగతి డాక్టరు గారికి చెప్పాను.

వాళ్లమ్మకు కూడా చెప్పాం. అరవలేదు. సంచి భుజాన అలాగే ఉంది. ఇది రాసినవాళ్లను ఒకసారి చూడాలి అంది. నువ్వు నా అక్క కూతురివని నేను చెప్పలేదు, రాసినవాళ్లు అనే అన్నాను. రావడం, రాకపోవడం నీ ఇష్టం. కానీ వాళ్లు రాలేరమ్మా అని మాత్రం నాతో చెప్పించకు. చక్రం పాడైందని ఒకటి చెప్పాను. ఈ నోటికి అదే చాలు.

రేపటినుంచి నాకు సెలవు ఇచ్చారు, చేతులు కుదుటపడేదాకా. నేను పక్కన ఉండను.

పిన్ని


వర్క్‌షాపు హాస్టలు
ఎండ కాసిన ఆదివారం

పిన్నీ,

వెళ్లాను.

ముందు ఇక్కడి సంగతి. నన్ను పంపించేస్తారనుకుని పెట్టె సర్దుకున్నాను. మేడమ్ చూసి, తీసినవాళ్లే తిరిగి పెట్టాలి, పెట్టె విప్పు అంది. ఊడ్చినవన్నీ ఒక్కొక్కటే తిరిగి పెట్టాను. ఈసారి పరీక్షలు బొమ్మ పడుకున్న అసలు బల్ల మీదే చేశాం. మేడమ్ స్వయంగా పట్టీ పీకింది, అలారం హాలంతా మోగింది. ఎవరూ చెవులు మూసుకోలేదు. సెట్టింగ్స్ ఫైల్లో బోర్డు పేరు ఇప్పుడు నేను చేత్తో రాసింది కాదు. కంపైలర్ దేన్ని చూసి కడుతుందో ఎడిటర్ కూడా దాన్నే చూస్తుంది. అది దొరక్కపోతే తెరంతా ఎర్రగీతలతో గోల పెడుతుంది. పెట్టనీ.

మీ వార్డుకు వస్తుంటే మెట్ల మీద రెండుసార్లు వెనక్కి తిరిగాను. చిన్న నర్సు నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. గింజ వాళ్లమ్మ అద్దం అవతల యూనిఫారంలో నిలబడి ఉంది. నేనే రాశానండీ అన్నాను. సిస్టర్ గారి అక్క కూతుర్ని అని కూడా చెప్పాను. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "చిన్నపిల్లవే" అంది. ఏం తీసేశావో చెప్పమంది. బోర్డు, ఎడిటర్ అని మొదలుపెట్టి ఆపేశాను. పట్టీ ఊడితే వేడి ఆపాలని ఒకరు రాసి పెట్టారు, అక్కర్లేదనుకుని తీసేశాను అని చెప్పాను.

"చూసి తీశావా?"

"చూశానండీ. తప్పు చోటునుంచి చూశాను."

ఆవిడ అద్దంలోంచి గింజ వైపు చూసింది. నేను నేల వైపు చూస్తున్నాను. అప్పుడు చిన్న నర్సుతో, ఈ పిల్ల చేతులు కడిగించండి అంది. ఎందుకో అర్థం కాలేదు. మోచేతుల దాకా కడిగి గౌను వేశారు. ఆవిడ ముందు నడిచింది. గింజ ఉత్తరంలో ఉన్నదానికంటే చాలా చిన్నది పిన్నీ. ఆ మచ్చ మీద గుడ్డ కప్పి ఉంది.

"చెయ్యి పెట్టు. ఎలా ఉందో చెప్పు."

నా చేతిని తిప్పి, వెనకవైపు ఆనించాను, నువ్వు చెప్పినట్టే. నువ్విచ్చిన ఏడు మాటలూ జేబులో ఉన్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు. నా చేతికి నా గుండె కొట్టుకోవడం తప్ప ఏమీ వినపడటం లేదు.

"తెలియడం లేదండీ" అని తీసెయ్యబోయాను.

ఆవిడ తన చెయ్యి నా చెయ్యి మీద పెట్టింది. టిక్కెట్లు చింపి చింపి గరుకెక్కిన వేళ్లు.

"తియ్యకు. ఇంకాసేపు ఉంచు. తెలుస్తుంది" అంది.

ఉంచాను.

ఉడుత